బోల్టు రాని తుపాకి

ఫిబ్రవరి 4, 1991. సోమవారం

క్వీన్స్‌లాండ్ డీలరు కేటలాగు వచ్చింది. అన్ని దేశాల మిలిటరీలూ వాడి వదిలేసిన రైఫిళ్ళు. లైసెన్సు కాపీ, చెక్కు కవర్లో పెట్టి పోస్టు చేస్తే చాలు, ఇంటికే పంపిస్తారట. పోయినేడు ఫ్యాక్టరీ వాళ్ళతో కుందేళ్ళ వేటకని తీసుకున్న లైసెన్సు నా దగ్గర ఎలాగూ ఉంది. పెళ్ళికి చీరలు ఏరుకునే వాళ్ళలా పేజీలు తిరగేస్తూ కూర్చుంటే మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియలేదు. ఈమధ్య అలా గడిచిన మధ్యాహ్నం ఇదొక్కటే.

త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు రెండు రకాలు వేశాడు. ఇక్కడ ఆస్ట్రేలియాలోనే, లిత్‌గోలో తయారైనవాటికి ఒక ధర. మన ఇషాపూర్‌లో తయారైనవాటికి అందులో సగం. పక్కన చిన్న అక్షరాల్లో 'ఇండియన్ పనితనం, కొంచెం మోటు' అని రాశాడు వెధవ. ఒళ్ళు మండింది. ఏలూరు కాలేజీలో ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు మూడేళ్ళు మోశాను దాన్ని. ఏం మోటు? ఇక్కడ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు రైలు పెట్టెల డ్రాయింగులు గీశాను. నవంబరులో పొమ్మన్నప్పుడు ఆ మేనేజరు కూడా ఇలాంటి మాటే ఏదో అన్నాడు. ఎందుకులే ఇప్పుడు అదంతా.

ఇండియన్‌దే తెప్పిస్తాను. హాల్లో గోడకి తగిలించుకుంటాను. అంతే.

ఫిబ్రవరి 6

వసంతకి చెప్పాను. చెప్పకుండా తెప్పించినా సరిపోయేది.

అన్నం వడ్డిస్తున్నదల్లా గరిటె గిన్నెలో పెట్టేసింది. "తుపాకి ఈ ఇంట్లోకి రావడానికి వీల్లేదండీ."

"గోడకి తగిలించడానికే వసంతా. అలంకారం."

"నేను ఎమర్జెన్సీలో పనిచేస్తున్నాను. తుపాకి దెబ్బతో ఎవరొస్తారో రోజూ చూసేదాన్ని నేను. దొంగలు కాదు, పోట్లాడుకున్నవాళ్ళూ కాదు. మీ వయసు మగాళ్ళండీ. పని పోయినవాళ్ళు. వాళ్ళ సొంత గరాజుల్లోంచి తీసుకొస్తారు."

"నేనేమన్నా పిచ్చివాణ్ణా?"

"వాళ్ళూ కాదండీ" అంది.

అన్నం ముందునుంచి లేచిపోయాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. భర్త గురించి భార్య అనుకోవలసిన మాటలా ఇవి? ఆస్పత్రిలో చూసిందంతా ఇంట్లో జరుగుతుందనుకుంటే ఇక ఏ నర్సూ కాపురం చేయలేదు.

ఫిబ్రవరి 7

చెక్కు పోస్టు చేశాను.

ఫిబ్రవరి 15

ఫోన్ చేశాను. "నెక్స్ట్ వీక్, మేట్. నో వర్రీస్" అన్నాడు డీలరు. మొన్న సోమవారం కూడా ఇదే పాట. పేరు అడిగి 'రాట్నా' అని రాసుకున్నాడు. రత్నరాజు అని విడమరిచి చెప్పబోతే, "దట్స్ ఆల్‌రైట్, రాట్నా" అని పెట్టేశాడు.

ఫిబ్రవరి 19

ఇంట్లో ఒకరి జీతం. అది తెలిసి కూడా వసంత నైట్ డ్యూటీలు వదిలేసి పగటి షిఫ్టుకి మారిందట. నన్నడగలేదు. రాత్రి షిఫ్టుకి ఎక్కువ ఇస్తారు కదా, ఇప్పుడా మానేది అంటే, "నడుం నొప్పండీ" అంది. ఇన్నేళ్ళూ లేని నడుం నొప్పి ఇప్పుడే రావాలా. నెత్తీ నోరూ బాదుకున్నా వినే మనిషి కాదు.

ఫిబ్రవరి 22. శుక్రవారం

ఇవాళ జరిగింది తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

సాయంత్రం మా ఇంట్లో కాటేజీ ప్రార్థన. పారమట్టా తెలుగు ఫెలోషిప్ వాళ్ళందరూ వచ్చారు. రెండో కీర్తన పాడుతుండగా కొరియర్ వాన్ ఆగింది. పొడుగాటి అట్టపెట్టె. మనిషి దాన్ని తెచ్చి హాల్లోనే గోడకి ఆనించి, సంతకం పెట్టించుకుని పోయాడు. రాక రాక ఈ ముహూర్తానికే రావాలా!

నాథన్ అంకుల్ కళ్ళజోడు సర్దుకుని చూశారు. మా ఫెలోషిప్‌కి పెద్ద ఆయనే. "అదిగో! వచ్చేసిందన్నమాట! రత్నరాజు మాటంటే మాటేనయ్యా" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పని పోకముందు ఫెలోషిప్‌కి ఒక కీబోర్డు కొనిస్తానని మొక్కుకున్నాను. పెట్టె పొడుగు సరిగ్గా కీబోర్డంతే ఉంది.

చెప్పొచ్చు. అది కాదు అంకుల్ అని ఒక్క మాట. చెప్పలేదు. పైగా నిజం రాయాలంటే, ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మా ఇళ్ళల్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ప్రార్థన చేయించనిదే వాడం. ఫ్రిజ్జుకి చేయించాం, కొరోలాకి చేయించాం, గడ్డి కోసే మెషీన్‌కి కూడా చేయించాం. ఒకసారి ప్రార్థన అయ్యాక దాన్ని బయట పారేయమనడానికి వసంతకి నోరు రాదు. చేయనీ అనుకుని తల వంచుకున్నాను.

అంకుల్ పెట్టె మీద చెయ్యి పెట్టారు. "ప్రభువా, దీని మీద పడే ప్రతి వేలినీ దీవించు తండ్రీ. దీని శబ్దం విన్న ప్రతి హృదయమూ నీ వైపు తిరుగును గాక" అన్నారు. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. వసంత అనలేదు.

"ఇక విప్పండి, ఒక పాట వాయించుకుందాం" అన్నారెవరో.

మా కరోలిన్ మెట్ల మీద కూర్చుని ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. "ఇట్స్ నాట్ ఎ కీబోర్డ్, అంకుల్. ఇట్స్ డాడ్స్ గన్" అంది.

పెట్టె మీదున్న చెయ్యి అంకుల్ వెంటనే తీయలేదు. తీయాలో వద్దో ఆయనకీ తెలియలేదనుకుంటాను. వసంత సమోసాల పళ్ళెం టీపాయ్ మీద పెట్టి, చేతులు కట్టుకుని, అందరి ముందూ అంది కదా, "మీ ప్రార్థనల్లో మా వారిని జ్ఞాపకం చేసుకోండి."

ఆ మాట ఎవరి గురించి అంటారో మా వాళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తాగుబోతుల గురించి అంటారు, ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళ గురించి అంటారు, డాక్టర్లు చేతులెత్తేసినవాళ్ళ గురించి అంటారు. బట్టలన్నీ ఊడబీకి నిలబెట్టినట్టయింది. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నొక్కారు. సమోసాలు అలాగే మిగిలిపోయాయి.

ఫిబ్రవరి 24. ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. వసంతా కరోలినూ అటు వెళ్ళగానే పెట్టె గరాజులోకి తీసుకెళ్ళి విప్పాను.

అంతా చిక్కటి గ్రీజు. గుడ్డలు పెట్టి తుడవగా తుడవగా పిడి మీద ముద్ర కనిపించింది. ఇషాపూర్. భుజానికి పెట్టుకుంటే పాతికేళ్ళ కిందటి బరువు అదే. చెయ్యి మరిచిపోలేదు. ఎంత సంతోషం వేసిందో.

బోల్టు లేదు. దాన్ని పెట్టవలసిన చోట ఖాళీ. బోల్టు లేని తుపాకి ఉత్త ఇనప గొట్టం, పేలదు. అడుగున చిన్న కాగితం: జాగ్రత్త కోసం బోల్టు వేరే పార్సిల్లో పంపుతాం.

ఎవరి జాగ్రత్త? డబ్బు పూర్తిగా పంపిన వాడికి తుపాకి సగం పంపుతారా!

ఫిబ్రవరి 26

డీలరు: "ఇట్స్ ఆన్ ఇట్స్ వే, రాట్నా."

మార్చి 5

ఏ పని అడిగినా "వయసు" అనరు, "ఎక్స్‌పీరియన్స్ ఎక్కువ" అంటారు. ఇవాళ ఇద్దరన్నారు. గరాజులో కూర్చుందామని వస్తే బెల్లు మోగింది. నాథన్ అంకుల్, రొయ్యల వేపుడు డబ్బాతో. ఊరికే ఇటు వచ్చాననీ, నిన్ను చూసి పోదామనీ. కూర్చుని పేపరు చదివారు. సరిగ్గా గంట. కీబోర్డు మాట గానీ తుపాకి మాట గానీ ఎత్తలేదు. ఆయన అటు వెళ్ళారో లేదో ఫెలోషిప్‌లో ఇంకొకాయన, బైబిల్ ఇక్కడ మరిచిపోయానేమో అంటూ. ఆయన బైబిల్ ఆయన చంకలోనే ఉంది.

మార్చి 8

మళ్ళీ అంకుల్. మళ్ళీ రొయ్యలు.

మార్చి 12

డీలరు కొత్త పాట: "డెలివర్ అయింది, మేట్. సంతకం కూడా ఉంది." ఎవరి సంతకమయ్యా అంటే కాగితం దొరకలేదట, వెతికి చెప్తాడట. అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతు పోయేలా అరిచాను. ఇల్లంతా వినబడి ఉంటుంది, వినడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారుగా.

స్కూలు అయ్యాక నెట్‌బాల్ ఆడే కరోలిన్ కూడా ఇప్పుడు తిన్నగా ఇంటికొచ్చేస్తోంది. "నెట్‌బాల్ ఏమైందే?" అంటే "బోరింగ్" అంది. నా పక్కన సోఫాలో కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. దానికి గది లేనట్టు.

ఈ ఇంట్లో మనిషికి ఒక్క గంట ఒంటరితనం దొరకదా?

మార్చి 13

దొంగ. వాడూ, వాడి కంపెనీ.

మార్చి 19. మంగళవారం

ఈ మధ్యాహ్నం గరాజులో ఉన్నాను. బెల్లు మీద బెల్లు. వజీర్.

వజీర్‌ది హైదరాబాద్. ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాడు, నాతోపాటే అతన్నీ పంపించేశారు, ఇప్పుడు టాక్సీ తిప్పుతున్నాడు. టీ పెట్టనా అంటే, "వద్దు రాజు సాబ్, రోజా ఉన్న" అన్నాడు. ఉపవాసంతో, దాహంతో, ఎండలో వచ్చి నా హాల్లో ఎందుకు కూర్చున్నట్టు?

అదే అడిగాను. పాపం, వాడికి అబద్ధం ఆడటం రాదు. "నాథన్ సాబ్ గంట అయిపోయింది. ఇగ నాది మొదలు" అన్నాడు.

అప్పుడు వెలిగింది.

లెంట్‌లో, అంటే ఈస్టర్‌కి ముందు నలభై రోజులూ, మా ఫెలోషిప్‌లో గొలుసు ప్రార్థన చేస్తాం. పగలంతా గంటలుగా పంచుకుంటారు. ఒక్కో కుటుంబం తన గంటలో తన ఇంట్లో మోకాళ్ళూనుతుంది. ఒకరు లేచేసరికి ఇంకొకరు మొదలుపెడతారు, గొలుసు తెగకుండా. ఈ ఏడు ఎవరి ఇంట్లో వాళ్ళు కాక, నా ఇంట్లో, నా ఎదురుగా చేస్తున్నారన్నమాట. పేపరు అడ్డం పెట్టుకుని.

"నువ్వు ముసల్మానువి కదయ్యా, నీకెందుకీ గొలుసు?" అన్నాను.

"రెండు నుంచి మూడు దాకా ఎవ్వరు దొరకలేదంట. నాథన్ సాబ్ అడిగిండు. నా షిఫ్టు సాయంత్రం గద, ఒప్పుకున్న. ప్రార్థన నా తీరుగ నేను చేస్కుంట. నువ్వు టీవీ చూస్కో."

"కాపలా కాస్తున్నారా నాకు? నేనేం చిన్నపిల్లాణ్ణా?"

"కాదు. చిన్నపిల్లగానివైతే తిట్టి కూసోబెడ్తుండె."

పొమ్మన్నాను. నా ఇంట్లోంచి పొమ్మన్నాను. పదకొండేళ్ళ స్నేహితుణ్ణి. అతను లేచి వాకిట్లోకి వెళ్ళి టాక్సీలో కూర్చున్నాడు. మూడు దాటేదాకా కదల్లేదు. అద్దాలు దించుకుని, తల వెనక్కి వాల్చుకుని. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కర్టెన్ సందులోంచి చూశాను.

మార్చి 20

వసంతతో మాట్లాడటం లేదు. ఆమె కూడా బతిమాలటం లేదు.

మార్చి 28

డీలరే ఫోన్ చేశాడు. కాగితం దొరికిందట. పార్సిల్ పోస్టాఫీసులో తీసుకున్నది మార్చి ఒకటిన. సంతకం వి. కుమారి.

వసంతకుమారి.

ఇన్నాళ్ళూ వాణ్ణి దొంగ అన్నాను. ఫోన్‌లో సారీ చెప్పవలసి వచ్చింది. "నో వర్రీస్, మేట్" అన్నాడు.

మార్చి 29. గుడ్ ఫ్రైడే

వాళ్ళిద్దరూ ఆరాధనకి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. వెళ్ళే ముందు వసంత అంకుల్ గారి అల్లుణ్ణి హాల్లో కూర్చోబెట్టి వెళ్ళింది. పండగ పూట అతని ఆరాధన కూడా నా వల్ల పోయింది.

మార్చి 30. శనివారం

అడిగేశాను. "బోల్టు ఎక్కడ?"

బుకాయిస్తుందనుకున్నాను. ఏమీ అనకుండా వెళ్ళి డ్యూటీకి తీసుకెళ్ళే సంచీ తెచ్చింది. అడుగునుంచి ఆస్పత్రి తువ్వాలు మూట తీసి టేబుల్ మీద పెట్టింది. నెల్లాళ్ళుగా దాన్ని రోజూ మోసుకుని బస్సెక్కుతోంది. ఇంట్లో ఎక్కడ దాచినా నేను పట్టేస్తానని.

"దొంగతనం" అన్నాను.

"అవునండీ."

"ఊరందరి చేతా కాపలా కాయించావు. నా పరువు తీశావు."

"పగటి గంటలు వాళ్ళు తీసుకున్నారు. రాత్రి గంటలన్నీ నేనే తీసుకున్నాను. అందుకే షిఫ్టు మారాను. నాకు నడుం నొప్పి లేదు." గొంతు పెంచలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది. అది ఇవాళే చూశాను. "ఇదిగో, మీ వస్తువు మీది. నేనిక మొయ్యలేను. తీసుకోండి. కానీ తీసుకునే ముందు ఎందుకో చెప్పండి."

"మొదటి రోజే చెప్పానుగా. గోడకి తగిలించడానికి."

"గోడకి తగిలించడానికి బోల్టు ఎందుకండీ?"

ఏదో చెప్పబోయాను. పూర్తి వస్తువు కోసం, డబ్బు కట్టాను కాబట్టి, డీలరు మోసం చేస్తే ఊరుకోకూడదు కాబట్టి. అన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. మెట్ల మీద కరోలిన్ ఏడుస్తోంది. అదెప్పుడొచ్చిందో తెలియదు.

మూట ఎవరమూ ముట్టుకోలేదు. కాసేపటికి వసంతే తీసి మళ్ళీ సంచీలో పెట్టుకుంది.

మార్చి 31. ఈస్టర్

గోడకి బోల్టు అక్కర్లేదు.

ఏప్రిల్ 1

రాయాలి. నాకు నేను కూడా రాసుకోకపోతే ఇంక ఈ పుస్తకం ఎందుకు.

మొన్న పందొమ్మిదిన వజీర్ బెల్లు కొట్టినప్పుడు గరాజులో నేను దాన్ని తుడవటం లేదు. ఎప్పుడో తుడవటం అయిపోయింది. ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. అంతకుముందు కూడా చాలాసార్లు అలాగే కూర్చున్నాను. బోల్టు వస్తే బాగుండును, బోల్టు వస్తే బాగుండును అని, అదొక్కటే. బోల్టు వచ్చాక ఏం చేస్తానన్నది ఆలోచించేవాణ్ణి కాదు. ఆలోచించకపోవటానికే వాణ్ణీ వీణ్ణీ తిట్టుకుంటూ కూర్చున్నాను. వచ్చి ఉంటే నేనీ పేజీ రాసేవాణ్ణి కాదు. ఇదీ నిజం. వసంతకి ఫిబ్రవరిలోనే తెలుసు.

ఆమె వంటింట్లో ఉంది. వెళ్ళి ఈ మాట ఆమెతోనే చెప్పాలి.

చెప్పాను. స్టవ్ ఆపేసి, కుర్చీలో కూలబడ్డ నా తల పొట్టకి హత్తుకుని నిలబడింది. రేపు తుపాకి పోలీసులకి ఇచ్చేద్దాం, డాక్టరు దగ్గరికి కూడా వెళ్దాం అంది. సరే అన్నాను.

ఏప్రిల్ 2. మంగళవారం

పోలీసు స్టేషనుకి వెళ్ళాం. తుపాకి దుప్పట్లో చుట్టి కారు వెనక, మూట వసంత సంచీలో. కారు వసంతే నడిపింది. కౌంటర్లో కుర్రవాడు దుప్పటి విప్పి, ఇటూ అటూ తిప్పి చూశాడు. "యూ షూర్, మేట్? గుడ్ రైఫిల్, దిస్" అన్నాడు. మోటు పని అనలేదు. ఇవ్వనని లాక్కుంటానేమో అనుకున్నాను ఒక్క క్షణం. వసంత నా మోచెయ్యి పట్టుకుంది. సంతకం పెట్టాను.

అక్కణ్ణుంచి డాక్టరు. ఆయన నన్ను చాలాసేపు మాట్లాడనిచ్చాడు. మళ్ళీ శుక్రవారం రమ్మన్నాడు. వసంతని కూడా రమ్మన్నాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. చెప్పులు కూడా విడవకుండా వసంత సోఫాలో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయి నిద్రపోయింది. నోరు తెరుచుకుని గురక పెడుతోంది. ఎన్ని రాత్రులు నిద్రపోయి ఉంటుంది ఈ మనిషి? పక్కన పడుకున్నవాణ్ణి, నాకు తెలియనే లేదు. మెల్లగా చెప్పులు తీశాను. లేవలేదు.

అంతలో ఫోన్ మోగింది. ఆమె లేస్తుందేమోనని పరిగెత్తి తీశాను. నాథన్ అంకుల్.

"రత్నరాజూ, ఏమీ అనుకోకయ్యా. లెంట్ అయిపోయింది కదా, గొలుసు కూడా మొన్నటితో ముగించాం. నీకిక మా బెడద వదిలింది. మా పిల్లలు కూడా, ఆయన్ని ఇక విసిగించకండి అంటున్నారు..."

రేపు వసంత డ్యూటీకి వెళ్తుంది. కరోలిన్ స్కూలుకి వెళ్తుంది. తరువాత పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఈ ఇల్లు, నేను.

"అంకుల్" అన్నాను, చెయ్యి అడ్డం పెట్టుకుని, చిన్నగా. "రేపు కూడా రండి. వజీర్‌ని కూడా రమ్మనండి, నేనే అడిగానని చెప్పండి. నన్ను ఒక్కణ్ణే వదలకండి."

"ఎన్ని గంటలకి రమ్మంటావు?" అన్నారు.